ఆడ గుర్రం అమ్మబడును, కొనకపోవడం మంచిది

వెల్డా ప్రూయెట్ ఒకే ఒక్క గుర్రాన్ని అమ్మజూపి పద్నాలుగు మంది చేత కన్నీళ్ళు పెట్టించింది. ఆ పద్నాలుగోవాడు ఎద్దుల మీద స్వారీ చేసే మొనగాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, ఒంట్లో విరగని ఎముక వెతికితే ఒకటో రెండో దొరుకుతుంది. అలాంటివాడు ఆవిడ గేటు దాటి, పికప్ ఎక్కి, స్టీరింగ్ మీద తల వాల్చి కళ్ళు తుడుచుకుంటుంటే దారిన పోయేవాళ్ళు బళ్ళు ఆపి మరీ చూశారు. ఆ దెబ్బతో వాడు గుర్రాలకు దండం పెట్టేసి, కాన్సాస్‌లో తేనెటీగలు పెంచుకుంటున్నాడు. కుడితే కుట్టాయి, వాటిని అమ్మేవాళ్ళు వెల్డాలా మాట్లాడరు కదా.

వెల్డాకున్నది ఒకటే జబ్బు. తనది అన్న దేన్నీ బాగుందనదు. పరాయివాళ్ళ ఆవు మూడు కాళ్ళ మీద కుంటుతున్నా "నిలబడింది కదా, మంచిదే" అంటుంది. తన ఆవుకు కౌంటీ సంతలో మొదటి బహుమతి వస్తే "మిగతావి రాలేదేమో" అంటుంది. కుక్కకు పనికిరానోడు అని పేరు పెట్టింది. ఆ పనికిరానోడు పడుకునేది ఆవిడ పెళ్ళినాటి దుప్పటి మీద. ఇంటికెవరొచ్చినా యాపిల్ కేకు కోసి పెడుతుంది, పెడుతూనే "తినకండి, అడుగు మాడింది" అంటుంది. ఆ మాడిన కేకు కోసం పోస్టుబండివాడు ఉత్తరాలు లేని రోజు కూడా ఆ గేటు ముందే బండి ఆపి టైర్లలో గాలి చూసుకుంటాడు.

ఒకసారి చర్చిలో పాస్టరుగారు, ఈ ఏడాది దేవుడు చేసిన మేళ్ళు తలా ఒకటి చెప్పమన్నారు. వెల్డా లేచింది. "వాన ఇచ్చాడు. అడిగినప్పుడు ఇవ్వలేదు, అడిగినంతా ఇవ్వలేదు. ఏదో ఇచ్చాడు" అని కూర్చుంది. పాస్టరుగారు ఆమెన్ అనాలో వద్దో తేలక దగ్గి ఊరుకున్నారు.

ఇలాంటి మనిషి చేతిలో గుర్రాన్ని పెట్టి అమ్మిపెట్టమనడం ఆవిడ మేనకోడలు కేసీ చేసిన పొరపాటు. కేసీ నెబ్రాస్కాలో ఉండేది. అక్కడ డ్రమ్ముల పందేల్లో ఆరేళ్ళు పరుగెత్తించిన ఆడ గుర్రం బిస్కెట్‌ను, కవలలు పుట్టాక ఇక ఎక్కే తీరిక లేక, తెచ్చి మేనత్త దొడ్లో దింపింది. ఎవరైనా మంచివాళ్ళ చేతికివ్వమని చెప్పి వెళ్ళింది. రెండేళ్ళయింది. బిస్కెట్ ఇంకా ఆ దొడ్లోనే ఉంది. కొందామని వచ్చినవాళ్ళు గేటు దగ్గర దిగిన పావుగంటకు మళ్ళీ గేటు దగ్గరే ఎక్కేవారు.

ఇక రొండా సంగతి. రొండా టిల్‌మన్‌కు నలభై ఒకటి. స్కూలు బస్సు నడుపుతుంది. అరవై మంది పిల్లల్ని అద్దంలోంచి ఒక్క చూపుతో కూర్చోబెట్టగల మనిషి. డ్రమ్ముల పందెం అంటే ప్రాణం. మూడు ఖాళీ డ్రమ్ములు ముక్కోణంగా నిలబెడతారు. గుర్రం గేటులోంచి దూసుకొచ్చి మూడింటినీ చుట్టి, వెనక్కి గేటు దగ్గరికి దౌడు తీయాలి. ఎవరికి తక్కువ సెకన్లు పడితే వాళ్ళు గెలిచినట్టు. మొదటి డ్రమ్ము కుడిదైనా ఎడమదైనా అది రౌతు ఇష్టమే గానీ, మా వైపు కుడి నుంచి మొదలుపెట్టేవాళ్ళే ఎక్కువ. గుర్రానికి ఒకసారి ఏ దారి అలవాటైతే దాని ఒంట్లో ఆ దారే ఉండిపోతుంది.

మూడేళ్ళ కిందట కౌంటీ సంతలో రొండా ఆ కుడి డ్రమ్ము దగ్గరే పడింది. నేల జారింది. గుర్రం లేచి ఒళ్ళు దులుపుకుంది. రొండా లేవలేదు. మెడ కింది ఎముక, మూడు పక్కటెముకలు. అవి ఆరు నెలల్లో అతుక్కున్నాయి. అతుక్కోనిదల్లా ఆమె చేతులకు పట్టిన భయం. ఏ గుర్రం ఎక్కినా, కుడివైపు డ్రమ్ము కంటపడగానే చేతులు వాటంతటవే పగ్గాల్ని గుండెలకేసి లాక్కునేవి. నోరు నొచ్చి గుర్రం తల ఎగరేసేది. అలా మూడు గుర్రాలు మార్చింది. ఒకటి పొగరుబోతన్నది, ఒకటి మందకొడిదన్నది, మూడోదానికి వంక దొరక్క, దాని చూపు నచ్చలేదన్నది. నాకు భయంగా ఉంది అని మొగుడు డ్వేన్‌తో కూడా అనలేదు. ఊళ్ళో ఎవరికీ తెలియదనుకుంది.

ఆ జూలైలో ఒక నిర్ణయానికొచ్చింది. సెప్టెంబరు సంతలో పరుగు తీయలేకపోతే ఈ జన్మకు ఇంతే. అలా నిర్ణయించుకున్న మనిషి సెప్టెంబరు దాకా ఆగాలా, ఆగలేదు. "జీను అమ్మబడును" అని కాగితం రాసి, హార్లన్ దాణా కొట్టులో బోర్డుకు గుచ్చేసి వచ్చింది. ఆ జీను వాళ్ళమ్మది.

వారం గడిచినా ఒక్క ఫోనూ రాలేదు. ఏమిటా అని వెళ్ళి చూస్తే ఆమె కాగితం కనబడలేదు. సరిగ్గా దాని మీద ఇంకో కాగితం గుచ్చి ఉంది. బోర్డులో సగం ఖాళీగా ఉన్నా, దాని మీదే. వంకర అక్షరాలు: "ఆడ గుర్రం అమ్మబడును. పన్నెండేళ్ళది. డ్రమ్ములు తిరుగుతుంది, దానికి మనసుంటే. కొనకపోవడం మంచిది. వి. ప్రూయెట్."

హార్లన్ తూకం దగ్గర్నుంచి తల ఎత్తకుండానే చెప్పాడు, రెండేళ్ళలో ఆవిడ కాగితం పెట్టడం ఇదే మొదటిసారని. పోయి చూడమని కూడా అన్నాడు, అయితే జేబులో రుమాలు పెట్టుకుని.

రొండా వెళ్ళింది. వెల్డా వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి. తుంటికి ఇనుప కీలు వేయించుకుని ఏడాదయింది. గుర్రం ఎక్కడం కాదు, ఎక్కినట్టు కల కూడా కనొద్దన్నాడు డాక్టరు. కర్ర తాటించుకుంటూ లేచి, దొడ్డి వైపు దారి తీస్తూ మొదలుపెట్టింది.

"చెవులు సమంగా ఉండవు. తిండి ఏనుగులా తింటుంది. నీళ్ళతొట్టిలో మొహం చూసుకుంటూ గంటసేపు నిలబడుతుంది, అదేదో అందగత్తెలా. పక్కన పిడుగు పడ్డా కన్ను తెరవదు, అంత బద్ధకం. మనుషుల్ని చూసే చూపు కూడా అదోలా ఉంటుంది, అప్పివ్వనన్నట్టు."

బిస్కెట్ తేనెరంగు గుర్రం. నుదుట చేతి వేలంత తెల్లమచ్చ. వెల్డా గొంతు వినగానే మేత వదిలేసి వచ్చి, ఆవిడ భుజం మీద గడ్డం ఆనించి నిలబడింది, ఆ తిట్లేవో జోలపాటైనట్టు. వెల్డా చేయి అలవాటుగా దాని చెవి వెనక గోకుతూనే ఉంది, నోరు తిడుతూనే ఉంది.

రొండా ముందు వెళ్ళి నీళ్ళతొట్టి చూసింది. పాచి లేదు. తరువాత గుర్రం కాళ్ళు తడిమి, జీను వేసి ఎక్కింది. దొడ్డి వెనక ఖాళీలో మూడు తుప్పు డ్రమ్ములున్నాయి. మామూలు నడకన కుడి డ్రమ్ము వైపు తిప్పింది. పది అడుగులు. చేతులు గుండెలకొచ్చేశాయి.

బిస్కెట్ తల ఎగరేయలేదు. ఆగి, మెడ తిప్పి, ఏమైందమ్మా అన్నట్టు చూసింది.

కంచె మీద మోచేతులు పెట్టుకున్న వెల్డా కళ్ళు రొండా చేతుల మీద ఒక్క క్షణం నిలిచాయి. వెంటనే గుర్రాన్ని తిట్టడం అందుకుంది.

"చూశావా, ఆగిపోయింది. కుడి డ్రమ్మంటే దానికి భయం, పిరికి గొడ్డు. అది ఎడమ నుంచే మొదలుపెడుతుంది. మొదటినుంచీ అంతే."

రొండాకు మూడేళ్ళుగా చెవుల దాకా బిగుసుకుపోయి ఉన్న భుజాలు కాస్త కిందికి దిగాయి. ఎడమ నుంచి మొదలైతే కుడి డ్రమ్ము రెండోదవుతుంది. గేటులోంచి ఉరికిన ఉరుకు అప్పటికి సగం తగ్గి ఉంటుంది. ఆ మాట పైకి అనలేదు. అయితే ఎడమ నుంచే తిప్పి చూస్తానంది.

"ఇవాళ కుదరదు. దానికి దగ్గు" అంది వెల్డా.

గుర్రం దగ్గలేదు. కాసేపాగి వెల్డాయే దగ్గింది. రెండు వారాలాగి రమ్మంది, రాకపోయినా నష్టం లేదంది, మాడిన కేకు ముక్క కాగితంలో చుట్టి ఇచ్చింది.

రెండు వారాల తరువాత వెళితే వెల్డా ఇదివరకటికన్నా ఎక్కువ కుంటుతోంది. ఏమైందంటే కుర్చీని తిట్టింది, అది నాసిరకం కర్రట. డ్రమ్ముల చుట్టూ గడ్డి అరిగి మట్టి తేలి ఉంది. అదేమిటంటే గుర్రాన్ని తిట్టింది, పిచ్చి ముదిరి ఊరికే గుండ్రంగా తిరుగుతోందట. రొండా ఎక్కి ఎడమ డ్రమ్ము వైపు నడిపించింది. బిస్కెట్ తిరిగింది గానీ, సంధ్యావేళ కొత్త ఊళ్ళో ఇల్లు వెతుక్కునే చుట్టంలా అడుగడుక్కీ వెల్డా వైపు చూసింది.

"మెదడు తక్కువ. బఠానీ గింజంత ఉంటుందేమో. ఇంకో రెండు వారాలు మేత మార్చి చూస్తాను."

"మిస్ వెల్డా, మీకసలు దీన్ని అమ్మే ఉద్దేశం ఉందా?"

"నీకు కొనే అవసరం ఏముంది అమ్మాయ్, మంచి గుర్రాలు లోకంలో లేనట్టు" అని కేకు తేవడానికి లోపలికెళ్ళింది.

అక్కడ హార్లన్ కొట్టులో రొండా ఈ సంగతి చెబితే, హార్లన్ గోధుమపొట్టు బస్తా కిందపెట్టి, గొంతు తగ్గించాడు. ఈసారి చెప్పిన టైముకు రెండు గంటలు ముందు వెళ్ళమన్నాడు. గుర్రాలు కొనేవాళ్ళలో ఇది పాత ముచ్చటే. మోసగాళ్ళు బేరగాడు రాకముందే గుర్రాన్ని వాయగొట్టి పరుగెత్తిస్తారు. అలసిపోయిన గుర్రం మేకపిల్లలా ఉంటుంది. ఇంటికి తోలుకెళ్ళాక మర్నాడు తెలుస్తుంది అది పులి అని. అందుకే తెలిసినవాళ్ళు ముందుగా వెళ్ళి, జీను వేసే చోట చెయ్యి పెట్టి చూస్తారు.

మూడోసారి రొండా పొద్దున్నే వెళ్ళింది. బిస్కెట్ దొడ్లో నిలబడి ఉంది. వీపు మీద చెయ్యి పెట్టింది. తడి. జీను దుప్పటి ఆకారంలో, నలుచదరంగా, వేడిగా ఉన్న చెమట. రొండా చెయ్యి తీసి ప్యాంటుకు తుడుచుకుంది. ఊళ్ళో నలభై ఏళ్ళుగా అందరూ నవ్వుకుంటున్న ఆ తిట్లన్నీ, ఇదిగో, ఈ మోసానికి పైపూతలా అనిపించాయి. అంతకన్నా బాధేమిటంటే, ఎడమ నుంచి తిరిగే గుర్రం మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది?

వెల్డా కొట్టంలోంచి వచ్చింది. జుట్టుకు గడ్డిపోచలు, బూట్ల నిండా మట్టి.

"దీన్ని ఎవరో ఇప్పుడే పరుగెత్తించారు" అంది రొండా.

"ఎవరూ లేదు. దానికి చెమటల జబ్బు. ఊరికే కారిపోతుంది. కొనకు."

"అయితే ఇది చల్లారేదాకా ఇక్కడే కూర్చుంటాను. కడుపునిండా తిని, నిద్రపోయి లేచాక ఎక్కుతాను. అప్పుడు తెలుస్తుంది దీని సంగతి."

దొంగైతే ఆ మాటకు అడ్డం పడాలి. వెల్డా నాసిరకం కుర్చీని నీడలోకి లాక్కొచ్చి రొండాకు వేసి, తాను తిరగేసిన బకెట్ మీద కూర్చుంది. మధ్యాహ్నమైంది, మాడిన కేకు అయిపోయింది, పనికిరానోడు రొండా కాళ్ళ మీద గురక పెట్టింది. గుర్రం తిన్నది, పడుకుంది, లేచింది, తొట్టిలో మొహం చూసుకుంది. నాలుగు గంటలకు రొండా ఎక్కింది. పొద్దున ఎంత నెమ్మదిగా ఉందో అప్పుడూ అంతే నెమ్మదిగా ఉంది. ఎడమ డ్రమ్ము, తరువాత కుడిది, తరువాత కొసన ఉన్నది. ఈసారి బిస్కెట్ ఎవరి వైపూ చూడలేదు. ఇల్లు దొరికిన చుట్టంలా నేరుగా నడిచింది.

దిగి, కొంటున్నానంది. బేరం తలకిందులుగా నడిచింది. రొండా ఒక ధర చెబితే, అంత ఎవడిస్తాడు దీనికి అని వెల్డా తగ్గించింది. రొండా పెంచింది, వెల్డా తగ్గించింది. చివరికి వెల్డాకే ఓపిక తగ్గి ఒప్పుకుంది. గుర్రాన్ని ఎక్కించిన ట్రైలర్ బండి తలుపు వేస్తుంటే దానికి వినబడేంత దగ్గరగా వెళ్ళి, "వీళ్ళింట్లోనైనా కాస్త సిగ్గుగా ఉండు" అంది. తరువాత చాలాసేపు ముక్కు తుడుచుకుంది. అదీ గడ్డి నుసేనట.

సెప్టెంబరు వచ్చింది. సంత రోజున రొండా గేటు ముందు సందులో గుర్రం మీద కూర్చుంది. అదే గేటు, అదే మట్టి, అదే లౌడ్‌స్పీకరు. ఇంట్లో మూడు వారాలు చక్కగా తిప్పిన చేతులు ఇక్కడికి రాగానే కొయ్యబారిపోయాయి. పేరు పిలిచారు. రొండా కదల్లేదు. రెండోసారి పిలిచారు. ఇప్పుడు గుర్రాన్ని వెనక్కి తిప్పేస్తే చాలు, ఇక ఎప్పుడూ ఈ సందులోకి రానక్కర్లేదు.

కర్ర చప్పుడైంది. వెల్డా కంచె పక్కనుంచి వచ్చి కళ్ళెం పట్టుకుంది. రొండా మొహం వైపు చూడనే లేదు.

"ఇదిగో, ఇది వణికిపోతోంది. జనాన్ని చూస్తే దీనికి భయం. తొందరపెట్టకు అమ్మాయ్, దీనికోసం కాస్త నెమ్మదిగా పోనీ. మెడ మీద చెయ్యి వేసి, నేనున్నాలే అని చెప్పు. పాపం, ఒంటరిదాన్ననుకుంటోంది."

రొండా ఒక చేత్తో పగ్గాలు వదులు చేసి, మెడ మీద చెయ్యి వేసింది. నేనున్నాలే అంది. ఒకసారి అంటే సరిపోనట్టుండి, రెండోసారి కూడా అంది. బిస్కెట్ ఒక కన్ను మూసుకుని ఏదో నములుతోంది.

అంతే, చేతులు కదిలాయి. ఎడమ డ్రమ్ము చుట్టేసరికి గాలి చెవుల్లో హోరెత్తింది. అడ్డంగా నాలుగు దూకులు, ఇంకో డ్రమ్ము, దాన్నీ చుట్టేసింది. అది కుడి డ్రమ్మని, మూడేళ్ళుగా తన కలల్లోకి వచ్చేది అదేనని, మూడో డ్రమ్ము సగం తిరిగాక గానీ రొండాకు గుర్తు రాలేదు. గుర్తొచ్చాక నవ్వొచ్చింది. నవ్వుతూనే గేటు దాటింది. లౌడ్‌స్పీకరు పద్దెనిమిది సెకన్ల మీద ఏదో చెప్పింది, ఏడో స్థానం. ఏడో స్థానానికి అంతలా గుర్రం జూలులో మొహం దాచుకుని నవ్వుతూ ఏడ్చినవాళ్ళు ఆ కౌంటీలో లేరు. డ్వేన్ పరుగెత్తుకొచ్చాడు. రొండా దిగి, మొగుణ్ణి పట్టుకుని, "నాకు భయం వేసింది, తెలుసా, మూడేళ్ళుగా" అని చెప్పేసింది. ఆ మాట ఎంత తేలిగ్గా బయటికొచ్చిందంటే, ఇన్నాళ్ళూ దాన్ని ఎందుకు మోసిందో ఆమెకే అర్థం కాలేదు.

కంచె దగ్గర కవలల్ని చెరో చంకన వేసుకుని కేసీ నిలబడి ఉంది. పాత గుర్రాన్ని చూడాలని నెబ్రాస్కా నుంచి వచ్చింది. నోరు తెరుచుకుని ఉంది.

"ఇది ఎడమ నుంచి ఎప్పుడు నేర్చుకుందక్కా? నాతో ఆరేళ్ళు కుడి నుంచే తిరిగింది. ఎడమకి తిప్పితే కదిలేదే కాదు."

"జనాన్ని చూస్తే భయం కదా దీనికి?" అంది రొండా, అడగవలసింది అది కాదని తెలిసినా.

"బిస్కెట్‌కా? ఒకసారి బాణాసంచా బండి దీని పక్కనే పేలింది. నిద్రలేవలేదు."

రొండా నిలబడిపోయింది. దగ్గు, రెండు వారాలు, ఇంకో రెండు వారాలు. అరిగిపోయిన గడ్డి. నాసిరకం కుర్చీ. పొద్దున్నే గుర్రం వీపు మీద చెమట, బూట్లకు మట్టి. తన జీను కాగితం మీదే, సరిగ్గా దాని మీదే, గుచ్చిన ఆ వంకర అక్షరాలు. కలలో కూడా గుర్రం ఎక్కొద్దన్న తుంటితో, నాలుగు వారాలు, రోజూ పొద్దున.

వెల్డా నిమ్మరసం కొట్టు ముందు నిలబడి, గ్లాసులోకి చూసి చప్పగా ఉందంటోంది. రొండా వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"దానికి ఎడమ నేర్పింది మీరు."

"ఎవరూ నేర్పలేదు. వయసు మీద పడి దిక్కులు మరిచిపోయింది."

"మిస్ వెల్డా, నా చేతులు చూసి మీకు తెలిసిపోయింది కదా."

వెల్డా గ్లాసు ఖాళీ చేసింది. "నీ చేతులకేం, మంచివే" అంది. పరాయివాళ్ళవి కదా, మెచ్చుకోవచ్చు. "నన్ను పట్టుకుని ఏడవకు, ఈ చొక్కా నీళ్ళకు ముడుచుకుపోతుంది."

రొండా వినలేదు. చొక్కా ముడుచుకుపోలేదు.

మర్నాడు రొండా హార్లన్ కొట్టుకు వెళ్ళి, రెండు కాగితాలూ బోర్డు నుంచి పీకింది. జీనుది చింపేసింది. రెండోది మడిచి బస్సు అద్దం వెనక దోపుకుంది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ తరువాతి నెలలో కొత్తగా ఊరికొచ్చిన ఒకాయన దాణా కొట్టులో నిలబడి, ఈ చుట్టుపక్కల గుర్రాలు అమ్మేవాళ్ళెవరని అడిగాడు. హార్లన్‌కు అంతకన్నా ఏం కావాలి. బస్తా మీద కూర్చోబెట్టి, పద్నాలుగు మంది కథ మొదలుపెట్టాడు. ఎద్దులవాడి కన్నీళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆ కన్నీళ్ళు పికప్ నిండి రోడ్డు మీదికి పారుతున్నాయి. కాన్సాస్, తేనెటీగలు కూడా అయ్యాయి. వెనక పశువులు నాకే ఉప్పు దిమ్మలు ఎంచుకుంటున్న వెల్డా, వాటిలో అన్నిటికన్నా పగిలినదాన్ని తెచ్చి తూకం మీద పెట్టింది.

"పద్నాలుగు మంది కాదు, తొమ్మిది మంది. కళ్ళనీళ్ళు ఒక్కడికే వచ్చాయి, వాడికి ఎండుగడ్డి పడదు. వాడు పెంచేది తేనెటీగల్ని కాదు, కోళ్ళని. అవీ ఏమంత మంచివి కావు, నేనే ఇచ్చాను."